మరియా టెల్కెస్

పల్నాటి ఎండ ఎట్టిదో మాచవరము పిల్లలకు వేరుగ చెప్పనక్కరలేదు. వేసవి వచ్చినంతనే రెంటచింతల పేరు పత్రికలలో కనబడుచుండును. ఆ ఎండలోనే మనము డాబాలపై మిరపకాయలు ఎండబెట్టుకొందుము, వడియములు పెట్టుకొందుము. కాని ఇంటికి నమూనా గీయునపుడే అందు సూర్యునకు పని నిర్ణయింపవలెనని తలచువారు అరుదు. ఆ తలంపునకే తన జీవితమును ధారపోసిన విదుషి మరియా టెల్కెస్.

ఆమె 1900 డిసెంబరు 12వ తేదీన హంగెరీ దేశమందలి బుడాపెస్టు నగరమున జన్మించెను. 1924లో అచటి విశ్వవిద్యాలయమునుండి భౌతిక రసాయనశాస్త్రమున డాక్టరు పట్టమును పొంది, పిమ్మట అమెరికా చేరెను. 1939లో మసాచుసెట్సు సాంకేతిక విద్యాసంస్థయందు సూర్యశక్తి పరిశోధనలకు పూనుకొనెను. రెండవ ప్రపంచయుద్ధ కాలమున, నడిసముద్రమున చిక్కుకొన్నవారు ఉప్పునీటిని ఎండవేడిమిచే మంచినీరుగా మార్చుకొనుటకు ఒక చిన్న సాధనమును రూపొందించెను.

1948లో ఆ రాష్ట్రమందే డోవరు అను ఊర ఒక క్రొత్తరీతి ఇల్లు వెలసెను. దాని నమూనా గీసినది ఎలినార్ రేమండ్. ధనమిచ్చినది అమీలియా పీబడీ. వేడిమి ఏర్పాటు చేసినది టెల్కెస్. ముగ్గురును స్త్రీలే. అది మంచు కురియు సీమ. శీతకాలమున అచట సూర్యుడు దక్షిణపు దిక్కున మిక్కిలి క్రిందుగా సంచరించును. కావున ఇంటి దక్షిణముఖమున మేడ గోడనంతయు అద్దములతో కప్పిరి. అద్దముల వెనుకనున్న నల్లని రేకులు ఎండకు కాగును. వానివలన వేడెక్కిన గాలిని పంకాలు గోడల నడుమనున్న అరలలోనికి పంపును. ఆ అరల నిండ గ్లాబరు లవణముగల డబ్బాలు. ఆ లవణము సుమారు 32 డిగ్రీల సెంటిగ్రేడు వద్ద కరగి వేడిని దాచుకొనును. మరల గడ్డకట్టునపుడు దానిని గదులలోనికి విడుచును.

టెల్కెస్ బంధువుల కుటుంబము ఆ ఇంట కాపురముండెను. రెండు శీతకాలములు సుఖముగా గడచెను. మూడవయేట లవణము అడుగున గట్టిగను, పైన ద్రవముగను వేరుపడి, వేడిని దాచు శక్తిని కోల్పోయెను. డబ్బాలు తుప్పుపట్టి కారసాగెను. తుదకు ఆ ఇంట సాధారణపు వేడిమి యంత్రమునే అమర్చవలసి వచ్చెను. దేశమంతయు వింతగా చూచిన ఇల్లు ఇట్లు విఫలమయ్యెను. 1953లో ఆమె ఆ విద్యాసంస్థను విడిచెను.

అయినను ఆమె క్రుంగిపోలేదు. వంటచెరకు కరవైన పేదలకొరకు ఎండతో వండు పొయ్యిని నిర్మించెను. లవణము వేరుపడకుండ దానిని చిక్కబరచు ఉపాయములను ఏండ్ల తరబడి వెదకెను. 1973లో డెలావేరు విశ్వవిద్యాలయము వారు 'సోలార్ వన్' అను గృహమును కట్టిరి. విద్యుత్తును పుట్టించు పలకలను దాని కప్పునందే ఇమిడ్చిరి. ఒకే కప్పు కరెంటును, వేడిమిని ఒసగెను. ఒకనాడు తనను ఓడించిన ఆ పనినే, అనగా వేడిమిని నిలువచేయు పనినే, టెల్కెస్ అచట చేపట్టెను. అప్పటికామెకు డెబ్బది యేండ్లు దాటెను.

సుమారు డెబ్బది యేండ్ల పిమ్మట జన్మస్థలమును చూడబోయి, 1995 డిసెంబరు 2వ తేదీన బుడాపెస్టు నగరముననే ఆమె కన్నుమూసెను.

2024లో మన కేంద్రప్రభుత్వము ఇండ్లపై సౌరవిద్యుత్తు పలకలు అమర్చుకొనువారికి సహాయధనమొసగు పథకమును ప్రారంభించెను. డోవరులో గోడ చేసిన పనిని మాచవరమున డాబా చేయగలదు. ఏలయన ఇచట సూర్యుడు నడినెత్తికి చేరువగా సంచరించును. పలకలను దక్షిణమునకు కొద్దిగా వాల్చి అమర్చవలెను. నీళ్ళ తొట్టిని, మెట్ల గదిని ఉత్తరపు వైపున కట్టినయెడల వాని నీడ పలకలపై చాలవరకు పడదు. కొద్దిపాటి నీడయు విద్యుత్తును చాల తగ్గించును. ఇల్లు ముగిసిన పిమ్మట తొట్టిని కదల్చుట కష్టము. కాగితముపై గీతను మార్చుట సులభము. టెల్కెస్ జీవితము మనకు నేర్పు పాఠములు రెండు: సూర్యుని ముందుగానే తలచి ఇల్లు కట్టుట, ఒకసారి ఓడిన పనిని విడువకుండుట.