చికెన్ 65 అందరికీ తెలుసు, బుహారీ సాహెబ్ ఎందరికి తెలుసు?

వలీమా దావత్ కానివ్వండి, అఖీఖా విందు కానివ్వండి, మన దగ్గర బిర్యానీ కంటే ముందు దస్తర్‌ఖాన్ మీదకు వచ్చేది చికెన్ 65. ఇది హైదరాబాద్ వంటకమేనని చాలామంది అనుకుంటారు. కాదు, దాని సొంతూరు మద్రాసు. మౌంట్ రోడ్డులోని బుహారీ హోటల్లో పుట్టింది. ఆ హోటల్ పెట్టిన మనిషి ఎ.ఎం. బుహారీ. ఆయన పోయి చాలా ఏళ్లయింది. వంటకం మాత్రం ఊరూరా తిరుగుతోంది.

బుహారీ సాహెబ్‌ది తమిళనాడు దక్షిణాన ఉన్న తిరునెల్వేలి ప్రాంతం. అక్కడి ముస్లిం కుటుంబాల వాళ్లు వ్యాపారం కోసం సిలోన్ వెళ్లడం ఆ రోజుల్లో మామూలే. ఆయన కూడా వయసులో ఉండగానే కొలంబో చేరారు. హోటల్ పని, వంటింటి లెక్కలు, వచ్చినవాళ్లను చూసుకునే తీరు అన్నీ అక్కడే నేర్చుకున్నారు. తర్వాత మద్రాసు వచ్చి 1951లో మౌంట్ రోడ్డులో హోటల్ తెరిచారు.

చోటు ఎంచుకోవడంలోనే ఆయన తెలివి ఉంది. పత్రికాఫీసులు, పెద్ద పెద్ద షాపులు, సినిమా హాళ్లు అన్నీ ఆ రోడ్డు మీదే. అప్పటి మద్రాసులో శాకాహార హోటళ్లకు కొదవ లేదు. మాంసాహారం కావాలంటే ఒకవైపు చిన్న చిన్న మిలిటరీ హోటళ్లు, మరోవైపు డబ్బున్నవాళ్లు వెళ్లే పెద్ద హోటళ్లు. ఈ రెంటికీ మధ్య, ఇంటిల్లిపాదీ కూర్చుని బిర్యానీ తినేలా శుభ్రమైన చోటు చూపించారు బుహారీ సాహెబ్. హోటల్లో జ్యూక్‌బాక్స్ కూడా పెట్టారు. నాణెం వేస్తే కోరిన పాట వినిపించేది. కాలేజీ కుర్రాళ్లకు అంతకంటే ఏం కావాలి?

సినిమా వాళ్లూ వచ్చేవారు. ఆ రోజుల్లో మన తెలుగు సినిమాకు కూడా మద్రాసే ఇల్లు. హోటల్ తెరిచిన 1951లోనే వడపళనిలోని వాహినీ స్టూడియోలో తయారైన 'పాతాళ భైరవి' విడుదలైంది. జెమినీ స్టూడియో అయితే మౌంట్ రోడ్డు మీదుగా పోతే వచ్చేదే. తారలు తినే హోటల్ అన్న పేరు అలా వచ్చింది. అయినా టీ, సమోసాతో సరిపెట్టుకునే మామూలు మనిషికీ అక్కడ కుర్చీ ఉండేది.

ఇక 65 సంగతి. అందులో 65 మిరపకాయలు వేస్తారని కొందరు, కోడి వయసు 65 రోజులని కొందరు అంటారు. మెనూలో అది 65వ నంబరు కాబట్టి, భాష రాని సైనికులు ఆ అంకె చెప్పి తెప్పించుకునేవారని ఇంకో కథ. హోటల్ వాళ్లు చెప్పేది చాలా సింపుల్. దాన్ని మొదట వడ్డించింది 1965లో, అందుకే ఆ పేరు. తర్వాత చికెన్ 78, 82, 90 కూడా వచ్చాయి. అవీ ఆయా సంవత్సరాల పేర్లే. కానీ 65కి వచ్చిన పేరు వాటికి రాలేదు.

ఆ వంటకం ఏ ఒక్కరి సొత్తుగానూ మిగల్లేదు. ఎవరి చేతిలో పడితే వాళ్ల రుచికి మారింది. హైదరాబాద్ వచ్చేసరికి ఎముక తీసేసిన ముక్కలు, పెరుగు, కరివేపాకు, పచ్చిమిర్చి తాలింపు చేరాయి. మాంసం ముట్టని వాళ్ల కోసం గోబీ 65, పనీర్ 65 పుట్టాయి. కిరాణా కొట్టులో 65 మసాలా ప్యాకెట్లు దొరుకుతున్నాయి. ఇంత వ్యాపారం నడుస్తున్నా, మొదలుపెట్టిన మనిషిని తలుచుకునేవాళ్లు తక్కువ.

మౌంట్ రోడ్డు ఇప్పుడు అన్నా సాలై అయింది. అక్కడి స్టూడియోల నుంచి తెలుగు సినిమా ఎప్పుడో హైదరాబాద్ వచ్చేసింది. ఇల్లు వదిలి సముద్రం దాటి, పని నేర్చుకుని వచ్చి, వేలమంది ఆకలి తీర్చిన మనిషి పేరు మన పిల్లలకైనా తెలియాలి. ఈసారి దావత్‌లో వాళ్లు ఈ 65 ఏంటని అడిగితే, సంవత్సరంతో పాటు బుహారీ సాహెబ్ పేరు కూడా చెప్పండి.