కత్తిరించిన పద్యాలు అతికించిన నాగరత్నమ్మ

డిగ్రీలో మా తెలుగు మాస్టారు ప్రబంధం చెబుతూ కొన్ని పద్యాల దగ్గరికి రాగానే గొంతు సవరించుకునేవారు. ఇది పరీక్షకు రాదమ్మా అని పేజీ తిప్పేసేవారు. ఇంటికెళ్లి మేం మొదట చదివేది ఆ పద్యాలే అనుకోండి! మొన్న మా అమ్మాయి తెలుగు వాచకం తిరగేస్తే, ఓ పాఠంలో ఒక పద్యానికీ తర్వాతి పద్యానికీ కథ అతకలేదు. మధ్యలోవి ఎవరో తీసేశారు. తిప్పేయడానికి పేజీ కూడా లేదు. నాకు వెంటనే బెంగుళూరు నాగరత్నమ్మగారు గుర్తొచ్చారు.

తిరువయ్యారులో త్యాగరాజస్వామి సమాధికి గుడి కట్టించిన తల్లిగా ఆవిడ పేరు చాలామందికి తెలుసు. ఒక తెలుగు పుస్తకం కోసం ఆవిడ పడిన పాట్లు మాత్రం అంతగా తెలియవు.

1878లో మైసూరు దగ్గర నంజనగూడులో పుట్టారు. దేవదాసీల ఇల్లు. తల్లి పుట్టలక్ష్మి కష్టాలు పడుతూనే కూతురికి సంగీతం, నాట్యం, సంస్కృతం నేర్పించింది. నాగరత్నమ్మ చిన్న వయసులో ఉండగానే ఆ తల్లీ పోయింది. తర్వాత మద్రాసు చేరి, కచేరీలు చేసి, పేరూ డబ్బూ తనే సంపాదించుకున్నారు.

చదువంటే ప్రాణం ఆవిడకి. అలా చదువుతుండగానే ముద్దుపళని రాసిన రాధికా సాంత్వనం సంగతి తెలిసింది. ముద్దుపళని 18వ శతాబ్దంలో తంజావూరు ప్రతాపసింహుడి కొలువులో ఉన్న కవయిత్రి. రాధ తను పెంచిన ఇళను కృష్ణుడికిచ్చి పెళ్లి చేస్తుంది, ఆ తర్వాత అసూయతో కాలిపోతుంది. ఆ రాధను కృష్ణుడు ఓదార్చడమే కథ. ఆడదాని కోరికను ఆడదే చెప్పిన కావ్యం.

నాగరత్నమ్మ అచ్చు పుస్తకం ఎలాగో సంపాదించారు. తర్వాత రాతప్రతి కూడా దొరికింది. రెండూ పక్కపక్కన పెట్టి చూస్తే ఏముంది... అచ్చులో పద్యాలు కొన్ని లేవు. సరే, శృంగారమని తీసేశారనుకుందాం. ముందుండే అవతారిక కూడా లేదు! అందులో ముద్దుపళని తన గురించి తను చెప్పుకుంది. తనలా పండితులను సత్కరించిన స్త్రీ ఎవరని, తనలా కావ్యాలు అంకితం పొందిన స్త్రీ ఎవరని గర్వంగా అడిగింది. ఆ మాటల్లో బూతు ఎక్కడుందో నాకైతే అర్థం కాలేదు.

అప్పటికే వీరేశలింగం పంతులుగారు తన కవుల చరిత్రలో ఈ కావ్యాన్ని తీసిపారేశారు. ఆడవాళ్లు వినకూడని సంగతులు ఇందులో ఉన్నాయన్నారు. వితంతువులకు పెళ్లిళ్లు చేయించిన మహానుభావుణ్ణి నేను తక్కువ చేయడం లేదు. కానీ నాగరత్నమ్మ ఊరుకోలేదు. రాతప్రతి ప్రకారం పూర్తి కావ్యాన్ని పరిష్కరించి, 1910లో వావిళ్లవారి చేత అచ్చు వేయించారు. పీఠికలో పంతులుగారినే సూటిగా అడిగారు. సిగ్గూ మర్యాదా ఆడవాళ్లకేనా, మగవాళ్లకు అక్కర్లేదా అని. పంతులుగారే చూసి అచ్చుకు సరేనన్న వైజయంతీ విలాసంలో అంతకన్నా పచ్చి వర్ణనలు లేవా అని.

అంత మాట అన్నాక ఊరుకుంటారా! ఒక వేశ్య రాస్తే ఇంకో వేశ్య అచ్చు వేయించిందని పత్రికలో ఈసడించారు. ఫిర్యాదు ప్రభుత్వం దాకా వెళ్లింది. 1911లో పోలీసులు వావిళ్లవారి దగ్గరున్న ప్రతులు పట్టుకుపోయారు. పండితులు అర్జీలు పెట్టుకున్నా దొరతనం వినలేదు.

ఎనిమిదో క్లాసు పిల్లలకు రాధికా సాంత్వనం పాఠంగా పెట్టాలని నేనూ అనను. ఏ వయసుకు ఏది పెట్టాలో చూడాల్సిందే. పెట్టకపోవడం వేరు. కోసేసి, ఇదే మొత్తం అని చేతికివ్వడం వేరు. అసలు ఏం పోయిందో తెలియాలంటే ఒక్క పూర్తి ప్రతైనా ఎక్కడో ఉండాలి కదా! నాగరత్నమ్మ పడిన తాపత్రయం దాని కోసమే.

తర్వాత ఆవిడ మనసు త్యాగయ్య మీదికి మళ్లింది. పాడుబడుతున్న సమాధి చోట గుడి కట్టించడానికి సొంత సొమ్ము ధారపోశారు, నగలమ్మారు. గుడి కట్టించిన ఆవిడని కూడా ఆరాధనలో పాడనివ్వలేదు, ఆడదని! ఆవిడ గుడి వెనకవైపు ఆడవాళ్లకు వేరే కచేరీలు పెట్టారు. చివరికి వాళ్లే దిగొచ్చి అందరినీ కలుపుకున్నారు.

1947లో టంగుటూరి ప్రకాశంగారి ప్రభుత్వం పుస్తకం మీద నిషేధం ఎత్తేసింది. 1952లో వావిళ్లవారు మళ్లీ అచ్చు వేశారు. అదే ఏడాది మే 19న నాగరత్నమ్మ కన్నుమూశారు. తిరువయ్యారులో త్యాగయ్య సమాధికి దగ్గర్లోనే ఆవిడ సమాధి ఉంది.

నా దగ్గరున్న రాధికా సాంత్వనంలో అవతారిక ఉంది. మొన్న రాత్రి మా అమ్మాయికి అది మటుకు చదివి వినిపించాను. మిగతాది డిగ్రీకొచ్చాక తనే చదువుకుంటుంది లెండి.