నీటిపై నూనె పొర: ఆగ్నెస్ పొకెల్స్ జీవితం

నూనె, నీరు కలియవన్నది పసిపిల్లలు సైతం ఎరిగిన విషయం. అయితే ఆ కలియని గుణమే లేకుంటే ఈ భూమిపై ఏ జీవకణమూ నిలువజాలదని మనలో ఎందరికి తెలుసు? ఈ రహస్యానికి దారి తీసిన పరిశోధకులలో ఒకరు విశ్వవిద్యాలయంలో అడుగిడే భాగ్యానికి నోచుకోని ఒక యువతి. ఆమె జీవితాన్ని మన విద్యార్థినీ విద్యార్థుల ముందుంచడం మేము కర్తవ్యంగా భావిస్తున్నాము.

ఆగ్నెస్ పొకెల్స్ 1862 ఫిబ్రవరి 14న, అప్పటికి ఆస్ట్రియా ఏలుబడిలో ఉన్న వెనిస్ నగరంలో జన్మించింది. తండ్రి ఆస్ట్రియా సైన్యంలో పనిచేసేవాడు. మలేరియా సోకి ఆయన ఆరోగ్యం క్షీణించగా, 1871లో కుటుంబం జర్మనీలోని బ్రౌన్‌ష్వైగ్ నగరానికి తరలివచ్చింది. అక్కడి బాలికల పాఠశాలలో చదివే కాలంలోనే ఆమెకు భౌతికశాస్త్రంపై అమితమైన మక్కువ కలిగింది. కాని ఆ రోజుల్లో ఆ దేశపు విశ్వవిద్యాలయాల తలుపులు స్త్రీలకు మూసే ఉండేవి. తమ్ముడు ఫ్రీడ్రిష్ పై చదువులకు వెళ్లి భౌతికశాస్త్రవేత్త అయ్యాడు. అక్క మాత్రం అనారోగ్య పీడితులైన తల్లిదండ్రులకు పరిచర్య చేస్తూ ఇంటిపట్టునే ఉండిపోయింది. తమ్ముడు తెచ్చి ఇచ్చిన గ్రంథాలే ఆమెకు గురువులైనాయి.

జిడ్డు పాత్రలు కడిగిన నీటిని గమనించడంతోనే ఆమె పరిశోధన ఆరంభమైనదని చెబుతారు. ఇరవై ఏళ్ల ప్రాయంలో ఆమె స్వయంగా ఒక పరికరాన్ని రూపొందించుకున్నది. అది 70 సెంటీమీటర్ల పొడవు, 5 సెంటీమీటర్ల వెడల్పు గల ఒక రేకు తొట్టి. దానినిండా నీరు నింపి, అడ్డంగా ఒక రేకు పట్టీని ఉంచి, దానిని జరుపుతూ నీటిపై తేలే జిడ్డు పొరను కుదించేది, విస్తరింపజేసేది. నీటి ఉపరితలం నుండి ఒక చిన్న బిళ్లను పైకెత్తడానికి ఎంత బలం కావాలో త్రాసుతో తూచి, తలతన్యతను కొలిచేది. పొర ఒక హద్దు వరకు కుదించబడే దాకా తలతన్యత మారదనీ, ఆ హద్దు దాటగానే తగ్గనారంభిస్తుందనీ గ్రహించింది.

దాదాపు పదేళ్ల శ్రమఫలాన్ని ఆమె 1891 జనవరిలో ఇంగ్లండులోని లార్డ్ రేలీకి లేఖ రూపంలో పంపింది. అంతటి శాస్త్రవేత్త ఆ అపరిచితురాలి జర్మను లేఖను నిర్లక్ష్యం చేయలేదు. తన భార్యచే అనువదింపజేసి, 'నేచర్' పత్రికకు పంపించాడు. అదే సంవత్సరం మార్చి 12న అది అచ్చయింది.

ఈ కొలతల ఫలితమేమిటి? కొవ్వు ఆమ్లపు అణువుకు జలప్రియమైన తల ఒకటి, జలవిరోధమైన తోక ఒకటి ఉంటాయి. తల నీటిని అంటిపెట్టుకొంటుంది. తోక నీటిని విడిచి పైకి నిలుస్తుంది. నీటి అణువులు పరస్పరం గాఢంగా బంధించుకొని, తమతో బంధం కలుపలేని తోకలను వెలికి నెట్టడమే దీనికి కారణం. అమెరికా శాస్త్రజ్ఞుడు లాంగ్‌మ్యూర్ ఆమె తొట్టిని మెరుగుపరచి, 1917లో ఈ అమరికను వివరించాడు. ఉపరితల రసాయనశాస్త్రంలో కృషికి 1932లో నోబెల్ బహుమానం పొందాడు. 1925లో హాలండు శాస్త్రజ్ఞులు గోర్టర్, గ్రెండెల్ ఎర్ర రక్తకణాల నుండి తీసిన కొవ్వును అటువంటి తొట్టిలోనే పరచి చూశారు. ఆ పొర వైశాల్యం కణాల ఉపరితలానికి సుమారు రెట్టింపుగా తేలింది. కణత్వచంలో కొవ్వు అణువులు రెండు వరుసలుగా, తోకలు లోపలికి, తలలు వెలుపలికి అమరి ఉంటాయన్న భావన అలా వెలువడింది. వారి లెక్కలలో కొన్ని పొరపాట్లున్నా అవి ఒకదానినొకటి సరిపుచ్చుకున్నాయి. నిర్ణయం మాత్రం నిలిచింది. కణం లోపలి నీటిని వెలుపలి నీటి నుండి వేరుచేసే గోడ ఆ తోకల కలయికే.

ఆగ్నెస్‌కు గౌరవం ఆలస్యంగా దక్కింది. 1932లో, ఆమె డెబ్బయ్యవ ఏట, బ్రౌన్‌ష్వైగ్ సాంకేతిక విశ్వవిద్యాలయం గౌరవ డాక్టరేటు ప్రదానం చేసింది. 1935 నవంబరు 21న ఆమె కన్నుమూసింది.

పరికరాలు లేవని, ప్రయోగశాల చాలదని మనం తరచు వాపోతుంటాము. లోటు లోటే; దానిని తీర్చడం పెద్దల బాధ్యత. అయితే రేకు తొట్టితో ఆరంభించిన ఆమెను తలచుకున్నప్పుడు మరొక ప్రశ్న మమ్ము బాధిస్తుంది. చదువు మధ్యలో మాన్పించి ఇంటికి పిలిపించుకొన్న మన ఆడపిల్లలలో ఎందరు ఆగ్నెస్‌లు ఎవరికీ లేఖ రాయకుండానే మరుగునపడిపోయారో! తల్లిదండ్రులూ, కళాశాల పెద్దలూ ఈ ప్రశ్నను ఆలోచింతురుగాక.