ఆకలిగొన్న కాపరి: బిషప్ అజరయ్య జీవితము

ధ్యానమునకు: మత్తయి 5:6, 1 కొరింథీ 9:16

దేహమునకు ఆకలి లేకపోవుట రోగలక్షణమని మనమందరము ఎరుగుదుము. పసివాడు రెండు పూటలు అన్నము ముట్టనియెడల తల్లి వైద్యునియొద్దకు పరుగెత్తును. అయితే ఆత్మకు ఆకలి లేక సంవత్సరములు గడచినను మనకు దిగులు పుట్టదు. ఆదివారము గుడికి పోవుచున్నాము, కానుక వేయుచున్నాము, క్రిస్మసుకు క్రొత్త బట్టలు కట్టుచున్నాము. ఇక కొదువ ఏమున్నదని తలంచుచున్నాము. అందుచేత మన ఓరుగల్లు సీమలోనే పాటుపడి, ఇక్కడి మట్టిలోనే విశ్రమించిన ఒక దైవజనుని జీవితమును ఈ నెల మీ యెదుట ఉంచుచున్నాము.

వరంగల్లు నుండి విజయవాడ వైపు పోవు రైలులో మహబూబాబాదు దాటిన తరువాత డోర్నకల్ జంక్షను వచ్చును. 2016 వరకు అది మన జిల్లాలోని ఊరే. ఇప్పుడు మహబూబాబాదు జిల్లాలో చేరియున్నది. మన దేశపు ఆంగ్లికన్ సంఘములో మొదటి భారతీయ బిషప్పు అయిన వేదనాయకం శామ్యూల్ అజరయ్యగారు సేవచేసిన స్థలమిదియే.

ఆయన తెలుగువాడు కాడు. 1874 ఆగస్టు 17న తమిళదేశమందలి తిరునెల్వేలి జిల్లా వెల్లాలన్‌విలై అను పల్లెలో పుట్టెను. తండ్రి ఆ పల్లె సంఘమునకు పాదిరి. ప్రార్థన, వాక్యము, గుడిగంట, ఇవన్నియు ఆయనకు ఊయలనాటి నుండి తెలిసినవే. మద్రాసు క్రైస్తవ కళాశాలలో చదివెను గాని పట్టా పుచ్చుకొనలేదు. 1895లో వై.యం.సి.ఏ. కార్యదర్శియై దక్షిణదేశమంతట తిరిగి యౌవనులకు బోధించెను. 1898లో అన్బు మరియమ్మాళ్ గారిని వివాహమాడెను. మంచి పేరు, మంచి కుటుంబము, మంచి సేవ. మనమైతే ఇంతటితో తృప్తిపడి యుందుము.

1902లో ఆయన సింహళములోని యాఫ్నా పట్టణమునకు వెళ్లెను. అక్కడి తమిళ క్రైస్తవులు తమ సొంత ఖర్చుతో ఇతర స్థలములకు సువార్తికులను పంపుచుండుట చూచి ఆయన మనస్సు కలవరపడెను. తన తిరునెల్వేలి సంఘము పాతది, పెద్దది. గుళ్లున్నవి, బడులున్నవి, పాదిరులున్నారు. కాని పొరుగువాని ఆత్మ కొరకు దానికి ఆకలి లేదు. కడుపు నిండిన సంఘమది. ఆ దుఃఖముతోనే ఆయన తిరిగివచ్చి, 1903లో స్నేహితులతో కలిసి తిరునెల్వేలి భారతీయ మిషనెరీ సంఘమును స్థాపించెను. మనుష్యులు మనవారు, డబ్బు మనది, నడిపింపు మనది అనునదే దాని నియమము. ఆ సంఘము ఎన్నుకొన్న పొలము డోర్నకల్ ప్రాంతము.

చదువరులారా, అసలు పరీక్ష ఆ తరువాత వచ్చెను. ఇతరులను వెళ్లుడని పిలుచుచు, వారి కొరకు చందాలు పోగుచేయుచు ఉండగా, నీవు ఎందుకు వెళ్లలేదని ఆయన మనస్సాక్షియే ఆయనను అడిగెను. ఆ ప్రశ్నను ఆయన త్రోసివేయలేదు. కార్యదర్శి ఉద్యోగము విడిచి, 1909లో అభిషేకము పొంది, భార్యాబిడ్డలతో డోర్నకల్లు చేరెను. అప్పటికి ఆయన వయస్సు 35 సంవత్సరములు. తొలినాళ్లలో గుడారమే ఇల్లు. చంటిపిల్లవానివలె క్రొత్తగా తెలుగు అక్షరములు దిద్దుకొని, ఎద్దుబండి మీదను, సైకిలు మీదను, కాలినడకను పల్లెపల్లె తిరిగెను.

1910లో ఎడిన్‌బరో నగరమున జరిగిన ప్రపంచ మిషనెరీ మహాసభలో ఆయన మాటలాడెను. పాశ్చాత్య మిషనెరీల త్యాగమును కృతజ్ఞతతో ఒప్పుకొనుచునే, వారికిని భారతీయ సేవకులకును మధ్య నిజమైన స్నేహము కొదువగా ఉన్నదని దాచక చెప్పెను. కొందరికి కోపము వచ్చెను. 1912లో ఆయనను బిషప్పుగా నియమించు తలంపు పుట్టినపుడు తెల్లవారిలోను, మనవారిలోను అడ్డుపడినవారుండిరి. అయినను ఆ సంవత్సరము డిసెంబరు 29న కలకత్తాలోని సెయింటు పాల్ కెథీడ్రల్‌లో ఆయన అభిషిక్తుడాయెను.

బిషప్పు పదవి ఆయన ఆకలిని తీర్చలేదు, పెంచెను. ఊరికి వెలుపల త్రోసివేయబడిన మాల మాదిగ పల్లెలే ఆయన పరిచర్యకు ముఖ్యస్థానములు. బాప్తిస్మము పొందిన ప్రతివాడును తన తలమీద చెయ్యి పెట్టుకొని, సువార్త ప్రకటింపనియెడల తనకు శ్రమ అని పౌలువలె ఒప్పుకొనవలెనని ఆయన నేర్పెను. అక్షరము రాని కూలివాడును సాక్షియే. త్రాగుడు మాని, ఇల్లు శుభ్రపరచుకొని, అబద్ధము విడిచిన ఆ పేదల బ్రదుకులు చూచి, పెద్దకులములవారు సహితము వేల సంఖ్యలో ప్రభువును వెదకుచు వచ్చిరి. పేదలు కూడ దేవునికి ఇయ్యవలెనని ఆయన పట్టుపట్టెను. క్రైస్తవుడు ఇచ్చు విధమును గురించి ఒక పుస్తకమే వ్రాసెను.

డోర్నకల్‌లోని ఎపిఫనీ దేవాలయము కట్టుటకు రమారమి 25 సంవత్సరములు పట్టెను. మన దేశపు గుళ్ల స్తంభములను, మసీదుల గుమ్మటములను తలపించు ఆ మందిరము 1939 జనవరి 6న ప్రతిష్ఠింపబడెను. సంఘములు ఏకము కావలెనని 1919 నాటి తరంగంబాడి సభ మొదలుకొని ఆయన ప్రయాసపడెను. అయితే 1945 జనవరి 1న డోర్నకల్‌లోనే కన్నుమూసెను. దక్షిణ ఇండియా సంఘము 1947 సెప్టెంబరు 27న పుట్టెను. ఆ దినము చూడకుండగనే ఆయన వెళ్లిపోయెను.

ఈ జీవితము మనకేమి నేర్పుచున్నది? ఆయన పాదిరి ఇంట పుట్టెను గనుక తండ్రి విశ్వాసము మీదనే బ్రదుకగలిగియుండును. మనలో అనేకులము మూడవ, నాలుగవ తరము క్రైస్తవులము. తాత తిన్న అన్నము మనుమని ఆకలి తీర్చునా? ఈ మాటలు వ్రాయుచుండగా ఆ ప్రశ్న మొదట మాకే తగిలినదని ఒప్పుకొనుచున్నాము. ఇతరులకు ధ్యానములు వ్రాయుచు, మా సొంత బైబిలును మూసియుంచిన దినములు మాకును కలవు.

మరియొకటి. ఆత్మీయమైన ఆకలి కూర్చుండి నిట్టూర్చుటచేత పెరుగదు, ఇచ్చుటచేత పెరుగును. వంటకు బియ్యము కొలుచునపుడు ప్రభువు కొరకు పిడికెడు తీసిపెట్టు తల్లికి ఆ పూట వంటిల్లే దేవాలయమగును. అటువలెనే పని మొదలుపెట్టకమునుపు పది వచనములు చదువుదము. మాటలు లేక దూరమైన పొరుగువానిని ఈ వారము పలుకరింతము. ఎవరినో పంపుమని ప్రార్థించుచున్న పనికి మనమే లేచిపోదుము.

ప్రభువా, నిండియున్నామని తలంచుచున్న మాకు ఆకలి దయచేయుము. ఆ ఆకలిని నీవే తృప్తిపరచుము. ఆమేన్.