జబ్బుల పేర్లను దారిలో పెట్టిన విలియం ఫార్

తెలుగు ఇంటిపేరు తమిళ లిపిలోకి ఎక్కి, అక్కణ్నుంచి ఇంగ్లిషులోకి దిగేసరికి ఒకే పిల్లవాడు రెండు రిజిస్టర్లలో ఇద్దరైపోవడం మన బడుల్లో మామూలే. సర్టిఫికెట్ల వేళ ఆ తిప్పలు మనందరికీ తెలుసు. జబ్బుల పేర్లతో అలాంటి తిప్పలే పడ్డ మనిషి విలియం ఫార్.

1807లో ఇంగ్లండులోని ష్రాప్‌షైర్‌లో, కెన్లీ అనే పల్లెలో పేదింట పుట్టారు. జోసెఫ్ ప్రైస్ అనే పెద్దమనిషి చేరదీసి పెంచారు. 1828లో పోతూ ఆ కుర్రవాడికి 500 పౌండ్లు రాసిపెట్టారు. ఆ ఆసరాతో ఫార్ పారిస్‌లో వైద్యం చదివారు. చివరికి చేతికొచ్చింది మాత్రం మందులిచ్చే లైసెన్సు ఒక్కటే. 1833లో పెళ్లి. నాలుగేళ్లకే భార్య క్షయతో చనిపోయారు.

అదే 1837 జులైలో ఇంగ్లండ్, వేల్స్‌లో జనన మరణాల నమోదు మొదలైంది. ఆ కార్యాలయంలో చేరిన ఫార్ దాదాపు నలభై ఏళ్లు అక్కడే గడిపారు. వచ్చిన కాగితాలు చూస్తే అంతా గందరగోళం. ఒకే జబ్బుకు నాలుగు పేర్లు, ఒకే పేరు కింద నాలుగు జబ్బులు. కొందరు అసలు రోగం వదిలేసి, దానివల్ల వచ్చిన చిక్కును రాసేవారు. కూడికలు సరిగానే వచ్చినా, దేన్ని కూడుతున్నామో తెలియదు! 1839 నాటి మొదటి నివేదికలోనే ఫార్ ఈ సంగతి ఎత్తారు.

ఆయనా పొరబడ్డారు. కలరా చెడు గాలి వల్ల వస్తుందని చాలాకాలం నమ్మారు. 1866లో లండన్ లెక్కలు నీటివైపు చూపించాక ఒప్పుకున్నారు. మాకు ఆయనలో బాగా నచ్చింది ఇదే.

1853లో బ్రస్సెల్స్ సమావేశం ఫార్‌కూ, జెనీవాకు చెందిన మార్క్ డెస్పీన్‌కూ అన్ని దేశాలకూ పనికొచ్చే జాబితా తయారు చేయమని అప్పగించింది. ఇద్దరూ చెరొకటి తెచ్చారు! 1855లో రెండూ కలిపి 139 శీర్షికలతో రాజీ కుదిర్చారు. శరీర భాగాన్ని బట్టి వరుస పెట్టాలన్న ఫార్ పద్ధతి మాత్రం తర్వాతి జాబితాల్లోనూ నిలిచింది. ఇప్పటి ఐసీడీ కోడ్లు ఆ దారినే వచ్చాయి.

కార్యాలయంలో పై పదవి ఆయనకు దక్కలేదు. 1880లో తప్పుకున్నారు. 1882 మార్చి 24న బెర్లిన్‌లో రాబర్ట్ కోచ్ క్షయ క్రిమిని చూపించారు. మరుసటి ఏడాది ఏప్రిల్‌లో ఫార్ కన్నుమూశారు.

ఐసీడీ పదో సవరణలో, తెమడ పరీక్షలోనో మరో ల్యాబ్ పరీక్షలోనో రుజువైన ఊపిరితిత్తుల క్షయకు ఏ15, రుజువు కాని క్షయకు ఏ16. తెమడలోనో, గొంతు స్రావంలోనో ఏదో తేడా కనిపించి, జబ్బేమిటో ఇంకా తేలకపోతే ఆర్84. పిల్లల రిపోర్టు మీద ఆర్84 చూసి క్షయ అని హడలిపోనక్కర్లేదు. అది జబ్బు పేరు కాదు, తర్వాత ఏ పరీక్ష చేయించాలో డాక్టరును అడగాలి. ఫార్ భార్య జబ్బుపడ్డ నాటికి ఇలాంటి పరీక్షే లేదు. చూసిన వైద్యుడు ఏది రాస్తే అదే.