సూక్ష్మజీవుల నామకర్త – ఫెర్డినాండ్ కోన్

మన పాదాల కింది చిటికెడు మట్టిలో కోట్లాది బాక్టీరియాలు నివసిస్తాయి. వాటిలో కొన్ని పైరుకు మేలు చేస్తాయి. కొన్ని పశువుల ప్రాణాలు హరిస్తాయి. కంటికి కనిపించని ఈ జీవులలో ఏది ఏదో గుర్తించడానికి తొలిబాట వేసిన మహనీయులలో అగ్రగణ్యుడు ఫెర్డినాండ్ కోన్.

కోన్ 1828 జనవరి 24వ తేదీన ప్రష్యా రాజ్యంలోని బ్రెస్లావ్ నగరంలో, యూదు కుటుంబంలో జన్మించాడు. ఆ నగరం నేడు వ్రోత్స్వాఫ్ అనే పేరుతో పోలెండ్‌లో ఉంది. పసితనంలోనే అసాధారణమైన మేధను ప్రదర్శించిన ఆ బాలుడికి పదేళ్ల ప్రాయంలో వినికిడి లోపం కలిగింది. వృక్షశాస్త్రంపై మక్కువతో స్వస్థలంలోని విశ్వవిద్యాలయంలో చేరాడు. కాని, యూదుడైన కారణంగా అక్కడ పట్టపరీక్షకు అనుమతి లభించలేదు. కోన్ నిరాశ చెందక బెర్లిన్ వెళ్లి, 1847లో పందొమ్మిదేళ్ల వయసులోనే డాక్టరేట్ పొందాడు. అనంతరం తనను కాదన్న విశ్వవిద్యాలయానికే అధ్యాపకుడుగా తిరిగివచ్చి, 1872లో పూర్తిస్థాయి ఆచార్యుడయ్యాడు.

వర్తకుడైన తండ్రి ఐజాక్ ఎంతో ఖరీదైన సూక్ష్మదర్శినిని కుమారుడికి కొనిచ్చాడు. కోన్ దానిని తపస్సాధనంగా భావించాడు. శైవలాలను, శిలీంధ్రాలను ఏళ్ల తరబడి పరిశీలించాడు. ఈగలను చంపే ఒక శిలీంధ్రాన్ని 1855లో వర్ణించాడు. క్రమంగా ఆయన దృష్టి బాక్టీరియాలపై నిలిచింది.

ఆ రోజులలో బాక్టీరియాలకు స్థిరమైన జాతులు లేవనీ, పరిస్థితులను బట్టి ఒకటి మరొకటిగా మారుతుందనీ నేగెలీ వంటి పండితులు వాదించేవారు. అదే నిజమైతే, ఫలానా వ్యాధికి ఫలానా జీవి కారణమని నిరూపించడం అసాధ్యం. కోన్ 1872లో బాక్టీరియాలను ఆకృతిని బట్టి నాలుగు సమూహాలుగా, ఆరు ప్రజాతులుగా విభజించాడు. కడ్డీల వంటి వాటిలో ఒక ప్రజాతికి బాసిల్లస్ అనే పేరును స్థిరపరచాడు. అయితే రూపం ఒక్కటే చాలదనీ, చూపులకు ఒకే రీతిగా ఉన్నవి గుణంలో వేరు కావచ్చుననీ ఆయన గుర్తించాడు. ఆ వినయమే ఆయన విజ్ఞతకు నిదర్శనం.

ఎండుగడ్డి కషాయాన్ని మరిగించినా అందులో బాక్టీరియాలు మళ్లీ పుట్టడం ఆనాడు పెద్ద చిక్కుప్రశ్న. బాసిల్లస్‌లు వేడిని తట్టుకొనే సిద్ధబీజాలను ఏర్పరుస్తాయనీ, అనుకూల సమయంలో అవి మొలకెత్తుతాయనీ కోన్ 1876లో వెల్లడించాడు. అదే సంవత్సరం ఏప్రిల్ 30న ఒక మారుమూల పట్టణ వైద్యుడు బ్రెస్లావ్ వచ్చాడు. ఆయనే రాబర్ట్ కాక్. పశువులను కబళించే ఆంత్రాక్స్ అనే దొమ్మరోగానికి కారణమైన బాసిల్లస్ జీవితచక్రాన్ని కాక్ ప్రయోగపూర్వకంగా ప్రదర్శించాడు. అనామకుడని చిన్నచూపు చూడక, కోన్ ఆ పరిశోధనను తన పత్రికలో ప్రచురించి లోకానికి చాటాడు. ఆ రోగపు సిద్ధబీజాలు మట్టిలో దీర్ఘకాలం జీవించగలవు కనుకనే కొన్ని పచ్చిక బయళ్లలో వ్యాధి మళ్లీ మళ్లీ తలెత్తుతుంది.

కోన్ 1898 జూన్ 25న పరమపదించాడు. ఆయన ఎదుర్కొన్న ప్రశ్న మాత్రం సజీవంగా మిగిలింది. జపాన్‌లో 1901లో పట్టుపురుగులను చంపే ఒక బాసిల్లస్‌ను ఇషివాతా కనుగొన్నాడు. జర్మనీలోని థురింజియా ప్రాంతపు పిండిపురుగులలో లభించిన అదే జాతికి 1915లో బెర్లినర్ బాసిల్లస్ థురింజియెన్సిస్ అని నామకరణం చేశాడు. మన దేశంలో 2002లో అనుమతి పొందిన బీటీ పత్తిలోని పురుగును చంపే గుణం దీని జన్యువు ప్రసాదించినదే. ఈ కీటకనాశిని, దొమ్మరోగ కారకం, ఆహారాన్ని విషతుల్యం చేసే బాసిల్లస్ సీరియస్ అతిసన్నిహిత బంధువులు. ఈ మూడూ నిజానికి ఒకే జాతి అని జన్యుపరీక్షల ఆధారంగా 2000లో కొందరు శాస్త్రజ్ఞులు ప్రతిపాదించారు. వీటి ప్రత్యేక గుణాలను నిర్ణయించే ముఖ్య జన్యువులు చాలావరకు ప్లాస్మిడ్లనే చిన్న డీఎన్ఏ వలయాలపై ఉంటాయి. ప్లాస్మిడ్లు ఒక బాక్టీరియా నుండి మరొకదానికి చేరగలవు. అయినా ప్రాణాపాయాన్ని గుర్తించవలసిన అవసరం వలన వేర్వేరు పేర్లు నిలిచే ఉన్నాయి.

రూపం చూసి గుణాన్ని నిర్ణయించరాదని కోన్ సూక్ష్మజీవుల విషయంలో గ్రహించాడు. పుట్టుక చూసి యోగ్యతను నిర్ణయించరాదని ఆయన జీవితమే నిరూపించింది.