దీపం కన్నా ముందు కిటికీ

ఫ్లారెన్స్ నైటింగేల్ అనగానే నాకు స్కూలు పుస్తకంలోని బొమ్మే గుర్తొస్తుంది. చేతిలో దీపం, తలమీద తెల్లటి ముసుగు, మంచాల మధ్య నడిచి వెళ్ళే సన్నటి ఆకారం. ఆ దీపం మన ప్రమిదలాంటిది కూడా కాదుట, టర్కీ వాళ్ళు వాడే మడతపెట్టే లాంతరు. సరే, దీపం సంగతి అలా ఉంచండి. పెద్దయ్యాక ఆవిడ జీవితం గురించి చదువుతుంటే దీపం కన్నా మురుగుకాలవల ప్రస్తావనే ఎక్కువ కనబడింది నాకు. ఈ సంగతి ఆ పాఠంలో ఎందుకు పెట్టలేదో మరి!

ఆవిడ 1820 మే 12న ఇటలీలోని ఫ్లారెన్స్ నగరంలో పుట్టింది. ఊరిపేరే బిడ్డకి పెట్టేశారు. కలిగిన కుటుంబం. తండ్రి దగ్గరుండి చదువు చెప్పాడు, లెక్కలంటే ప్రాణం. నర్సునవుతానంటే మాత్రం ఇంట్లో పెద్ద రాద్ధాంతమే జరిగింది. ఆ రోజుల్లో ఇంగ్లండులో నర్సంటే చదువూ, పరువూ లేని పని అనే అభిప్రాయం. తల్లీ, అక్కా ఏడ్చి గోలపెట్టారు. మంచి సంబంధం వస్తే కాదనుకుంది. చివరికి 1851లో జర్మనీలోని కైసర్స్‌వెర్త్‌కి వెళ్ళి పని నేర్చుకుంది. అప్పటికి ముప్ఫై దాటాయి. మన ఇళ్ళల్లో అయితే ఆ వయసుకి ఇంకేం నేర్చుకుంటావు అంటారు కదూ!

1854లో క్రిమియా యుద్ధం. ముప్ఫై ఎనిమిది మంది స్త్రీలను వెంటబెట్టుకుని నవంబరులో టర్కీలోని స్కుటారి సైనిక ఆసుపత్రికి చేరింది. అక్కడ పాత్రల్లేవు, పక్కబట్టల్లేవు, గచ్చు రుద్దే బ్రష్షులైనా లేవు. ఆవిడ మొదట చేసినవన్నీ మనకి తెలిసిన పనులే. వంట చక్కబెట్టడం, గదులు కడిగించడం, ఒక ఇల్లు అద్దెకి తీసుకుని నీళ్ళు కాచే బాయిలర్లు పెట్టించి బట్టలు ఉతికించడం.

ఇంత చేసినా చావులు ఆగలేదు. ఆ చలికాలమంతా పెరుగుతూనే పోయాయి. 1855 ఫిబ్రవరి నాటికి నూటికి నలభై రెండు మంది చొప్పున పోతున్నారు. పోయినవాళ్ళలో ఎక్కువమంది గాయాలవల్ల కాదు, విరేచనాలు, జ్వరాలు, కలరావల్ల. ఆ భవనం నిండిపోయిన మురుగు గోతుల మీద నిలబడి ఉంది. మార్చిలో ఇంగ్లండు నుంచి శానిటరీ కమిషన్ వచ్చింది. కాలవలు కడిగించారు, పశువుల కళేబరాలు తీయించారు, గాలి ఆడేలా చేశారు. తాగే నీళ్ళు వచ్చే దారిలో చచ్చిన గుర్రం ఉందని బయటపడిందట. జూన్ వచ్చేసరికి నూటికి నలభై రెండు కాస్తా రెండు దగ్గరికి దిగింది.

యుద్ధం అయిపోయి 1856లో ఇంటికొచ్చాక ఆవిడ ఈ అంకెలన్నీ ముందేసుకుని కూర్చుంది. విలియం ఫార్ అనే గణాంక నిపుణుడు సాయం చేశాడు. రాత్రింబవళ్ళు సేవ చేసిన చోటే, కట్టడమూ నీరూ గాలీ కలిసి మనుషుల్ని తినేశాయని లెక్కలు చెప్పాయి. ఇది ఎంత చేదు సంగతో ఆలోచించండి. మరొకరైతే పతకాలు దాచుకుని ఊరుకునేవారు. ఆవిడ నెలనెలా చావుల్ని రంగురంగుల చక్రాలుగా గీసి మంత్రుల ముందు పెట్టింది. ఆ 1858లోనే లండన్ స్టాటిస్టికల్ సొసైటీలో మొదటి మహిళా సభ్యురాలైంది. అప్పటికే ఆరోగ్యం చెడి చాలావరకు మంచం మీదే ఉంటోంది. ఆ తర్వాత చేసిందంతా దాదాపు మంచం మీంచే, ఉత్తరాలతోనే.

1859లో నర్సింగ్ మీద రాసిన పుస్తకంలో ఆవిడ అడిగినవి అయిదే: మంచి గాలి, మంచి నీరు, మురుగు పోయే దారి, శుభ్రత, వెలుతురు. మరుసటి ఏడాది లండన్ సెయింట్ థామస్ ఆసుపత్రిలో నర్సుల బడి మొదలుపెట్టించింది. మందివ్వడమే కాదు, రోగి చుట్టూ ఉన్నదంతా నర్సు బాధ్యతేనని అక్కడ నేర్పారు. సూక్ష్మక్రిముల సంగతి ఒప్పుకోవడానికి మాత్రం ఆవిడకి చాలా కాలం పట్టింది. అయినా చేయించిన పనులు సరైనవే.

మా అమ్మ ఆపరేషన్ అయి ఓ నర్సింగ్ హోమ్‌లో ఉన్నప్పుడు చూశాను. ఆయమ్మ సెలైన్ గొట్టాన్ని పసుపు సంచిలో వేయబోతే నర్సమ్మ ఆపి ఎర్ర సంచిలో వేయించింది. పసుపు సంచి కాల్చడానికి పోతుంది, ఎర్రది శుద్ధిచేసి మళ్ళీ వాడుకోవడానికి. క్లోరిన్ ఉన్న ప్లాస్టిక్ కాలిస్తే వచ్చే విషం మన పిల్లలే పీల్చాలి కదా! 2016 నిబంధనల్లో సూదులకి తెలుపు, గాజుకి నీలం అని కూడా ఉంది. ఏది ఎందులో పడాలో తేల్చేది చాలాసార్లు నర్సు చెయ్యే. లండన్‌లోని గ్రేట్ ఆర్మండ్ స్ట్రీట్ పిల్లల ఆసుపత్రిలో 2018లో నర్సులు ఇంకో సంగతి పట్టుకున్నారు. చేతులు కడుక్కుంటే సరిపోయే పనులకి కూడా గ్లవ్స్ తొడుగుతున్నారని గమనించి, ఆ అలవాటు మాన్పించారు. ఏడాదిలో ఇరవై ఒక్క టన్నుల ప్లాస్టిక్ తగ్గింది. నైటింగేల్ ఉంటే ఆ అంకెలకీ ఒక చక్రం గీసేసేది!

మన దేశానికి ఆవిడ ఎప్పుడూ రాలేదు. కానీ ఇక్కడి సైనిక స్థావరాలన్నిటి నుంచీ ప్రశ్నపత్రాలకి జవాబులు తెప్పించుకుని చదివింది. వెయ్యిమంది సైనికుల్లో ఏటా అరవై తొమ్మిది మంది పోతున్నారని 1863 నివేదిక తేల్చింది. నీళ్ళూ మురుగూ చక్కబడుతున్న కొద్దీ, పదేళ్ళకి అది పద్దెనిమిదికి వచ్చింది. ఆ తర్వాత ఆవిడ చూపు సిపాయిల మీంచి రైతుల మీదికి మళ్ళింది. 1876-78 కరువులో మద్రాసు ప్రెసిడెన్సీ అల్లాడిపోయినప్పుడు, మన రాయలసీమ కూడా అందులోదే, కాలవలు తవ్వించండి అని పట్టుబట్టింది. ధవళేశ్వరం ఆనకట్ట కట్టిన సర్ ఆర్థర్ కాటన్‌తో ఆవిడకి ఉత్తరాలు నడిచాయి, ఆయన వాదానికి గట్టిగా వత్తాసు పలికింది. గోదావరి జిల్లాల్లో కాటన్ దొరకి దండం పెట్టేవాళ్ళలో ఈ సంగతి తెలిసినవాళ్ళు తక్కువే అనుకుంటాను.

చివరి ఏళ్ళల్లో చూపు పోయింది. 1907లో ఆర్డర్ ఆఫ్ మెరిట్ ఇచ్చారు, స్త్రీలలో అందుకున్న మొదటి వ్యక్తి ఆవిడే. 1910 ఆగస్టు 13న తొంభై ఏళ్ళ వయసులో లండన్‌లో పోయింది. వెస్ట్‌మినిస్టర్ అబ్బేలో సమాధి చేస్తామంటే కుటుంబం వద్దంది. హాంప్‌షైర్‌లో ఈస్ట్ వెల్లో అనే పల్లెలో, తల్లిదండ్రులున్న చర్చి ఆవరణలో పెట్టారు. ఆ రాయి మీద ఆవిడ పూర్తి పేరు లేదు. రెండు పొడి అక్షరాలు, పుట్టిన తేదీ, పోయిన తేదీ, అంతే.